తెడ్డు

రాత్రి రెండుంబావు.
కేజీహెచ్ ల్యాబులో ట్యూబ్‌లైటు ఒకటి ఎప్పట్నుంచో
కన్ను కొడుతూనే ఉంది.
కిటికీ అవతల, కొండ దిగువన
హార్బరు దీపాలు నీళ్లలో కాళ్లు చాపుకున్నాయి.

క్యాజువాల్టీ నుంచి ఒక గొట్టం వచ్చింది.
చోడిపిల్లి ఎల్లాజీ, యాభై నాలుగు, పురుషుడు,
నొప్పి మొదలై రెండు గంటలు.
పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.
"బోటు మీదే పడిపోయాడంట మేడం,
వల సగం లాగి" అన్నాడు వార్డుబాయ్.

నేను మొహాలు చూడను.
పదకొండేళ్లుగా ఈ మిషన్ ముందు
నాకు మనుషులంటే మూడు మిల్లీలీటర్లు,
మీద అంటించిన చీటీ.
గిర్రున తిరిగి తిరిగి
ఎరుపు అడుక్కి దిగి
పైన గడ్డిరంగు నీరు తేరుకున్నాక
ఆ నీటినే అడుగుతాను, లోపల ఏం జరిగిందని.

ఏమీ జరగలేదంది.
ట్రోపోనిన్ హద్దులోనే ఉంది.
మొదటి జవాబు నమ్మొద్దని మాకు మొదటి ఏడే నేర్పుతారు.
గుండె కండ చచ్చిన సంగతి
రక్తానికి వెంటనే తెలియదు.
మూడు గంటలాగి మళ్లీ అడగాలి.
వార్డులో వాళ్లు ఆగరు, ఈసీజీ గీతలు చూసి
మందు ఎక్కించేస్తారు.
ఆగాల్సింది నేనే.

ఆ మధ్యలో ఆవిడ వచ్చింది.
కౌంటరు చువ్వలు పట్టుకుని నిలబడింది.
ముంజేతి మీద రెండు పొలుసులు
ట్యూబ్‌లైటుతో పాటే మెరిసి ఆరుతున్నాయి.
"ఏటి తల్లీ, నెత్తురేటంటంది?"

డాక్టరుకే చెప్పాలని రూలు.
"ఇంకా తేలలేదమ్మా" అన్నాను.

తేలడం అన్న మాట ఆవిడకి బాగా తెలుసు.
"తేల్డానికి టైమడతాది లే.
మా అయ్య పడవ పోయినపుడు
తుఫానెలిసిన మర్నాడు ఏటీ లేదు,
ఒడ్డంతా తుడిసినట్టుంది.
మూడోనాడు తెడ్డొచ్చింది.
ఆ ఎనక సెక్కలు.
పెద్దోలు వాటిని నెక్కట్టి సెప్పీవోరు,
ఎంత పోనాదో."

డిప్లొమాలో రెండేళ్లు చదివింది ఇదే కదా.
చచ్చిన కండలోంచి ఊడి, నెత్తుట్లో పడి
మోచేతి మడత దాకా కొట్టుకొచ్చే తెడ్డు.
మేం లెక్కకట్టేది చెక్కలే.

ఐదూ ఇరవైకి రెండో గొట్టం.
మొదటిదానికి నలభై రెట్లు.
ఫోన్లో చదివాను. అవతల డ్యూటీ డాక్టరమ్మ
మళ్లీ చదివించుకుంది.
పొద్దుటిది ఇంకా ఎక్కువ.
అంకె ఎక్కుతుంటే భయపడటం మానేసి చాలా ఏళ్లయింది,
ఎక్కడ ఆగుతుందా అని చూస్తానంతే.

మర్నాడు రాత్రి
టిఫిన్ డబ్బా కింద పెట్టకుండానే అతని పేరు వెతికాను.
దిగుతోంది.
వారం పది రోజుల దాకా పూర్తిగా పోదు.
తుఫానుని ఒడ్డు అంత తొందరగా మర్చిపోదు.

నాలుగో రోజు బీఎన్‌పీ రాశారు.
దీన్ని విరిగిన ముక్కల్లో కలపకూడదు.
మిగిలిన గోడలు బరువుకి సాగుతుంటే
బతికున్న గుండె పెట్టే కేక ఇది.
వచ్చిన అంకె నాకు నచ్చలేదు,
అలాగని చెయ్యీ వణకలేదు.
ఇక వల లాగొద్దనే అంకె.
ఒడ్డున కూర్చుని చిరుగులు కుట్టుకోవచ్చనే అంకె.
అంత మాట రాయడానికి రిపోర్టులో గడి లేదు.

ఎనిమిదో రోజు కౌంటరు మీద
పాత పేపర్లో చుట్టిన ఎండు నెత్తళ్లు.
"ఇంటికెల్లిపోతన్నాం తల్లీ.
నా నెత్తురు సూసినదెవులని మావోడు అడిగినాడు."
కిటికీలోంచి తొంగి చూశాను.
మెట్ల దగ్గర చాలామంది ఉన్నారు,
లుంగీలు, బ్యాండేజీలు, ఆటో కోసం ఎత్తిన చేతులు.
అందులో ఎల్లాజీ ఎవరో నాకు తెలియలేదు.

గదంతా వాసన.
ఫ్రిజ్ తలుపు మీద
'తినే పదార్థాలు పెట్టరాదు' అని
నేనే రాసి అంటించిన కాగితం.
పొట్లం బ్యాగులో కుక్కి
గోపాలపట్నం బస్సెక్కాను.
పక్క సీటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని
కిటికీ వైపు జరిగింది.